ఎక్సెల్ జాబితా నుంచి వర్డ్‌ప్రెస్ సైట్‌లోకి నాలుగు వేల సభ్యుల ఖాతాలు: ప్రాజెక్టు డైరీ

ఇదే పని చేపట్టబోయేవారు ఈ దశలను యథాతథంగా వాడుకోవాలని, మేము ఆగిపోయిన చోట్ల వారు ఆగిపోకూడదని ఈ డైరీ రాస్తున్నాను. ఒక సభ్యత్వ సంస్థ ఏళ్ల తరబడి ఎక్సెల్‌లో ఉంచుకున్న సభ్యుల జాబితాను, ఇప్పటికే నడుస్తున్న వర్డ్‌ప్రెస్ (వెబ్‌సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్) సైట్‌లో లాగిన్ ఖాతాలుగా మార్చాలి. సైట్‌లో అప్పటికే కొందరు సభ్యులు సొంతంగా నమోదు చేసుకుని ఉన్నారు కాబట్టి ఇది ఖాళీ డేటాబేస్‌ను నింపే పని కాదు. ఈ ఒక్క కారణంతోనే పని మూడింతలైంది.

మొదటి నుంచి చివరిదాకా ఒకే నియమం పాటించాము. ఫైలులో ఉన్న ప్రతి వరుసా చివరికి ఏమైందో లెక్కలో తేలాలి: కొత్త ఖాతా అయిందా, ఖాతా ముందే ఉందా, కారణం రాసి పక్కన పెట్టామా. లెక్క కుదరకుండా తర్వాతి దశలోకి వెళ్లలేదు. అందుకే ప్రతి దశ చివరా లెక్క కనిపిస్తుంది.

వాడిన పనిముట్లు: ఎక్సెల్ ఫైలును చదవడానికి పైథాన్, అందులో ఓపెన్‌పైఎక్స్‌ఎల్ లైబ్రరీ, సైట్ పనికి కమాండ్ లైన్ మీద నడిచే డబ్ల్యూపీ-సీఎల్‌ఐ, ఫైలులోని బైట్లు చూడటానికి ఒక హెక్స్ వ్యూయర్, అసలు సైట్‌కు నకలుగా ఒక టెస్ట్ సైట్. రెండు సైట్లలోనూ వర్డ్‌ప్రెస్ 6.8, దాన్ని నడిపే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ 8.4 ఉన్నాయి. ఈ రెండు వెర్షన్ల సంఖ్యలు నాలుగో దశలో ముఖ్యమవుతాయి.

దశ 1: ఫైలును సరిగ్గా చదవడం

చేతికి వచ్చినది మూడు షీట్ల ఎక్సెల్ ఫైలు, మొత్తం 4,212 వరుసలు. అందులో 37 ఖాళీ వరుసలు, ఉపమొత్తాల వరుసలు. మిగిలినవి 4,175.

మొదట అందరూ చేసేదే చేశాము. ఎక్సెల్‌లోనే ఫైలును సీఎస్‌వీగా (గడులను కామాలతో విడదీసే సాదా టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేసి చూశాము. నాలుగు సమస్యలు వరుసగా బయటపడ్డాయి.

మొదటిది అక్షరాలది. ఎక్సెల్ సేవ్ జాబితాలో సీఎస్‌వీ పేరుతో ఒకటికి మించిన రకాలు ఉంటాయి. మామూలు సీఎస్‌వీని ఎంచుకుంటే తెలుగు అక్షరాలకు చోటు లేని విండోస్ పాత కోడ్ పేజీలో రాస్తుంది కాబట్టి తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోయాయి. ఆ ఫైలు నుంచి పేర్లను తిరిగి రాబట్టే దారి లేదు, ఎందుకంటే అక్షరం స్థానంలో నిజంగానే ప్రశ్నార్థకం బైటు కూర్చుంది. అన్ని భాషల అక్షరాలనూ రాయగల యూటీఎఫ్-8 పద్ధతి పేరు ప్రత్యేకంగా రాసి ఉన్న రకాన్ని ఎంచుకున్నప్పుడే పేర్లు దక్కాయి.

రెండోది వెంటనే దాని వెనకే వచ్చింది. ఆ యూటీఎఫ్-8 ఫైలు మొదట్లో ఎక్సెల్ మూడు బైట్ల గుర్తును పెడుతుంది. హెక్స్ వ్యూయర్‌లో అవి ఈఎఫ్, బీబీ, బీఎఫ్ అని కనిపిస్తాయి, మామూలు ఎడిటర్‌లో కనిపించవు. పీహెచ్‌పీలోని సీఎస్‌వీ ఫంక్షన్ ఈ గుర్తును తీసివేయదు. ఫలితంగా మొదటి కాలమ్ పేరుకు ముందు కనిపించని అక్షరం ఒకటి అంటుకుని, ఇంపోర్ట్ ప్లగిన్ (ఫైలు నుంచి ఖాతాలు తెచ్చే అదనపు ప్రోగ్రామ్) ‘యూజర్‌నేమ్ కాలమ్ లేదు’ అని చెప్పింది. కాలమ్ మాత్రం స్క్రీన్ మీద కళ్ల ముందే ఉంది. పైథాన్‌లో చదివేటప్పుడు ఎన్‌కోడింగ్‌గా యూటీఎఫ్-8-సిగ్ అని ఇస్తే ఈ గుర్తు దానంతట అదే తొలగిపోతుంది.

మూడోది వరుసల లెక్కది. హెడర్‌తో కలిపి 4,176 లైన్లు ఉండవలసిన ఫైలును ఎడిటర్ 4,391 లైన్లుగా చూపించింది. చిరునామా గడుల్లో ఆల్ట్, ఎంటర్ నొక్కి లైన్లు విడగొట్టడమే కారణం. సీఎస్‌వీ రూపాన్ని వివరిస్తూ 2005లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 4180 పత్రం ప్రకారం కొటేషన్ గుర్తుల మధ్య లైన్ విరుపు ఉండటం తప్పు కాదు, అది వరుసకు అంతం కూడా కాదు. కాబట్టి వరుసలను సీఎస్‌వీ నియమాలు తెలిసిన పార్సర్‌తోనే లెక్కించాలి, లైన్లను లెక్కించే ఏ పనిముట్టునూ నమ్మకూడదు.

నాలుగోది అంకెలది. మిగతా మూడూ కలిపినా దీనంత సమయం పట్టలేదు.

సభ్యత్వ సంఖ్య ఆరంకెలది, 000412 లాంటిది. ఒక షీట్‌లో అది టెక్స్ట్‌గా ఉంది. మిగతా రెండు షీట్లలో గడి లోపల ఉన్న విలువ 412 మాత్రమే. వాటిలో ఒక షీట్‌లో గడి ఫార్మాట్ వల్ల ముందు సున్నాలు కనిపిస్తున్నాయి, ఇంకో షీట్‌లో అవీ లేవు. ఫోన్ సంఖ్యలు దేశ కోడ్‌తో కలిపి 12 అంకెలు. జనరల్ ఫార్మాట్‌లో ఉన్న గడిలో 12 అంకెల సంఖ్యను ఎక్సెల్ 9.19ఈ+11 అని కుదించి చూపిస్తుంది. సీఎస్‌వీలో రాసేది కూడా ఆ కనిపించే రూపాన్నే. అంటే సీఎస్‌వీలోకి వెళ్లిన మరుక్షణం చివరి అంకెలు పోయినట్టే. అసలు ఎక్సెల్ ఫైలులో మాత్రం అవి క్షేమంగా ఉన్నాయి, ఎందుకంటే ఎక్సెల్ 15 అంకెల దాకా సంఖ్యను ఖచ్చితంగా ఉంచుకోగలదు. 16వ అంకె నుంచి సున్నాలే ఉంటాయి.

అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టినది విభాగం కోడ్ కాలమ్. అందులో 3-2, 11-4 లాంటి కోడ్‌లున్నాయి. ఎప్పుడో టైప్ చేసిన రోజునే ఎక్సెల్ వాటిలో 63 గడులను తేదీలుగా మార్చేసింది. తేదీగా మారిన గడిలో మూలరూపం మిగలదు, 1900 నుంచి లెక్కించిన రోజుల సంఖ్య మాత్రమే ఉంటుంది. ఆ తేదీ నుంచి 3-2 అనుకోవాలా 2-3 అనుకోవాలా అన్నది టైప్ చేసిన కంప్యూటర్ ప్రాంతీయ సెట్టింగు మీద ఆధారపడి ఉంటుంది. మా జాబితాలో రెండు కోడ్‌లూ చెల్లుతాయి. అందుకని ఊహించి నింపకుండా 63 గడులనూ సంస్థ కార్యాలయానికి పంపి, దరఖాస్తు ఫారాలను చూసి మళ్లీ టైప్ చేయించాము. ఈ తేదీల బెడద ఎంత దూరం వెళ్లిందంటే, మానవ జన్యువులకు పేర్లు నిర్ణయించే కమిటీ 2020లో సెప్ట్1, మార్చ్1 వంటి గుర్తులనే సెప్టిన్1, మార్చ్‌ఎఫ్1గా మార్చుకోవలసి వచ్చింది. ఎక్సెల్ తీరు మారేలోపు పేర్లే మారాయి.

చివరికి సీఎస్‌వీని మధ్యలోంచి తీసేశాము. ఈ క్రమం నిలబడింది:

1. అసలు ఎక్సెల్ ఫైలును మార్చకుండా ఒక నకలు పక్కన భద్రపరచాలి.
2. ఓపెన్‌పైఎక్స్‌ఎల్‌తో నేరుగా గడి విలువను, దాని రకాన్ని చదవాలి.
3. సభ్యత్వ సంఖ్య గడిలో సంఖ్య రకం ఉంటే ఆరంకెలు వచ్చేదాకా ముందు సున్నాలు చేర్చాలి. అందరి సంఖ్యలూ ఆరంకెలేనని సంస్థ రాతపూర్వకంగా చెప్పింది కాబట్టే ఇలా చేయగలిగాము.
4. కోడ్ కాలమ్‌లో తేదీ రకం కనిపిస్తే ఆ వరుసను మనిషి చూడవలసిన జాబితాలోకి పంపాలి.
5. ప్రతి వరుసకూ మూల షీట్ పేరు, వరుస సంఖ్య జతచేసి ఉంచాలి. తర్వాతి దశలన్నింటిలోనూ ఫిర్యాదు వచ్చినప్పుడు వెనక్కి వెళ్లగలిగినది ఈ జత వల్లనే.

లెక్క: వచ్చినవి 4,212, తీసినవి 37, చేతిలో 4,175.

దశ 2: ఏ వరుస ఎవరిది

ఒకే మనిషి రెండు షీట్లలో ఉండవచ్చు. సున్నాలు సరిచేయకముందు సభ్యత్వ సంఖ్య ఆధారంగా వెతికితే 71 పునరుక్తులు దొరికాయి, సరిచేశాక 118. మొదటి దశను తొందరగా ముగించి ఉంటే 47 మందికి రెండేసి ఖాతాలు తయారయ్యేవి. 118 వరుసలను తీసేయగా 4,057 మంది మిగిలారు. ఇక్కడి నుంచి ఈ 4,057 అనే సంఖ్యే తూకపు రాయి.

తర్వాత పేర్లు. కొన్ని పేర్లు చూడటానికి ఒక్కటే అయినా కంప్యూటర్ వేర్వేరని చెప్పింది. శైలజ అనే పేరులోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే కోడ్‌తో రాయవచ్చు, లేదా ఎత్వం గుర్తు, దాని తర్వాత ఐత్వపు పొడిగింపు గుర్తు అనే రెండు కోడ్‌లతోనూ రాయవచ్చు. రెండూ సమానమేనని యూనికోడ్ ప్రమాణమే చెబుతుంది కానీ బైట్లను పోల్చే ప్రోగ్రామ్‌కు ఆ సంగతి తెలియదు. పైథాన్‌లోని యూనికోడ్ డేటా మాడ్యూల్‌తో అన్ని పేర్లనూ ఎన్‌ఎఫ్‌సీ అనే ఏకరూపంలోకి మార్చాక ఈ తేడా పోయింది.

ఇంటర్నెట్‌లో దొరికే శుభ్రపరిచే స్క్రిప్టులు చాలావాటిలో ‘కనిపించని అక్షరాలన్నీ తీసెయ్’ అనే ఒక లైన్ ఉంటుంది. తెలుగు పేర్ల మీద దాన్ని నడపకూడదు. రామ్‌కుమార్ అనే పేరులో మకార పొల్లుకూ కకారానికీ మధ్య కనిపించని జోడింపు నిరోధక గుర్తు ఒకటి ఉంటుంది. దాన్ని తీసేస్తే కకారం మకారం కింద ఒత్తుగా చేరి పేరు రామ్కుమార్‌గా మారుతుంది. తన పేరు తప్పుగా కనబడిన సభ్యుడికి మనం సాంకేతిక కారణం చెప్పలేము. అందుకని నియమాన్ని కాలమ్‌వారీగా విడదీశాము: ఈమెయిల్ కాలమ్‌లో కనిపించని అక్షరాలన్నీ తీసేయాలి, పేరు కాలమ్‌లో జోడింపు నిరోధకాన్ని ముట్టుకోకూడదు.

ఈమెయిళ్లలో 46 చెల్లని రూపంలో ఉన్నాయి. వాటిలో 31 చిరునామాల చివర వెబ్ పేజీ నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే, విరగని ఖాళీ అంటుకుని ఉంది. చూపుకు మామూలు ఖాళీలాగే ఉంటుంది కానీ పీహెచ్‌పీలోని ట్రిమ్ ఫంక్షన్ దాన్ని తొలగించదు. వాటిని తీసేసి సరిచేశాము. మిగిలిన 15 చిరునామాల్లో అక్షరదోషాలున్నాయి. ప్రసిద్ధ మెయిల్ సంస్థ పేరులో రెండు అక్షరాలు తారుమారైతే సరిచేయడం తేలికే అనిపిస్తుంది. అయినా మేము ముట్టుకోలేదు. పాస్‌వర్డ్ లింకు వెళ్లేది ఆ చిరునామాకే కాబట్టి, ఊహ తప్పితే ఒకరి ఖాతా తాళం ఇంకొకరి చేతికి వెళుతుంది.

ఒకే ఈమెయిల్‌ను ఇద్దరు ముగ్గురు ఇచ్చిన సందర్భాలు ఇంకా క్లిష్టమైనవి. వర్డ్‌ప్రెస్ ఒక ఈమెయిల్‌కు ఒకే ఖాతాను ఒప్పుకుంటుంది. పైథాన్ లెక్కలో ఇలాంటి చిరునామాలు 47 వస్తే డేటాబేస్‌లో 52 వచ్చాయి. పైథాన్ పెద్ద, చిన్న ఇంగ్లీషు అక్షరాలను వేరుగా చూస్తుంది, మా డేటాబేస్‌లో అక్షరాలను పోల్చే నియమం (కొలేషన్) చూడదు. అన్నింటినీ చిన్న అక్షరాల్లోకి మార్చాక రెండు లెక్కలూ 52 దగ్గర కలిశాయి. ఆ 52 చిరునామాల కింద 109 మంది ఉన్నారు. మొదటి వ్యక్తికి ఖాతా ఇచ్చి మిగతావారిని ఆపుదామని ఒక సూచన వచ్చింది. ఆ మొదటి స్థానం షీట్‌లోని వరుసక్రమం ఇచ్చినదే తప్ప చిరునామా ఎవరిదో చెప్పదు కాబట్టి ఒప్పుకోలేదు. 109 వరుసలూ సంస్థకు తిరిగి వెళ్లాయి.

లెక్క:
మనుషులు 4,057
ఈమెయిల్ లేనివారు 64, మిగిలినవి 3,993
చెల్లని ఈమెయిల్ 15, మిగిలినవి 3,978
ఉమ్మడి ఈమెయిల్ 109, మిగిలినవి 3,869
సైట్‌లో ఖాతా ముందే ఉన్నవారు 143, కొత్తగా సృష్టించవలసినవి 3,726

దశ 3: యూజర్‌నేమ్

సభ్యుల పేర్లనే తెలుగులో యూజర్‌నేమ్‌గా ఇవ్వాలని సంస్థ కోరింది. కోరిక న్యాయమైనదే. కానీ వర్డ్‌ప్రెస్ కొత్త ఖాతా సృష్టించేటప్పుడు యూజర్‌నేమ్‌ను కఠినంగా వడపోసి, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, ఖాళీ, కొద్దిపాటి గుర్తులు తప్ప మిగతావన్నీ తీసేస్తుంది. తెలుగు పేరు ఆ వడపోతలో పూర్తిగా పోయి, ఖాళీ యూజర్‌నేమ్‌తో ఖాతా సృష్టించలేమనే లోపం వస్తుంది. తెలుగు పేరును ప్రదర్శన పేరుగా ఉంచి, యూజర్‌నేమ్‌గా సభ్యత్వ సంఖ్యను పెట్టాలని నిర్ణయించాము.

పూర్తిగా అంకెలతో ఉన్న యూజర్‌నేమ్ కూడా కుదరలేదు. డబ్ల్యూపీ-సీఎల్‌ఐ కమాండ్‌కు అంకెలు మాత్రమే ఇస్తే దాన్ని ముందుగా ఖాతా ఐడీగా అర్థం చేసుకుంటుంది. 412 అనే ఐడీ ఉన్న ఖాతా వేరొకరిది అయినప్పుడు తొలగింపు కమాండ్ ఏం చేస్తుందో ఊహించవచ్చు. పైగా ఒకే వర్డ్‌ప్రెస్ మీద పలు సైట్లు నడిచే మల్టీసైట్‌లో అంకెలు మాత్రమే ఉన్న యూజర్‌నేమ్‌ను నమోదు సమయంలో ఒప్పుకోరు. అందువల్ల సంఖ్యకు ముందు ‘ఎం’ అనే చిన్న ఇంగ్లీషు అక్షరం చేర్చాము. సభ్యులు దీన్ని గుర్తుపెట్టుకోనవసరం లేదు, ఎందుకంటే వర్డ్‌ప్రెస్ 4.5 నుంచి ఈమెయిల్‌తో కూడా లాగిన్ కావచ్చు. వరుస సంఖ్యల యూజర్‌నేమ్‌లను ఎవరైనా ఊహించగలరు కాబట్టి తప్పుడు లాగిన్ ప్రయత్నాలకు పరిమితి పెట్టే ఏర్పాటు కూడా ఇదే దశలో చేశాము.

దశ 4: టెస్ట్ సైట్‌లో బ్రౌజర్ ద్వారా ఇంపోర్ట్

టెస్ట్ సైట్‌లో ముందు చేయవలసిన పని, మెయిళ్లన్నీ బయటికి వెళ్లకుండా ఒక లాగ్ ఫైలులో పడేలా చేయడం. దానితోపాటు ఈమెయిల్ డొమైన్లన్నింటినీ ఉదాహరణల కోసమే కేటాయించిన ఎగ్జాంపుల్.కామ్‌గా మార్చాము. రెండు కాపలాలూ కావాలి. ఒకటి తప్పినా ఇంకొకటి నిలుస్తుంది.

3,726 వరుసల ఫైలును ఒక ఇంపోర్ట్ ప్లగిన్‌తో బ్రౌజర్ నుంచి ఎక్కించాము. కాసేపటికి తెల్ల పేజీ వచ్చింది. డేటాబేస్‌లో చూస్తే 117 ఖాతాలు పూర్తిగా, ఒకటి సగం తయారై ఉన్నాయి. మెయిల్ లాగ్‌లో 117 స్వాగత సందేశాలు ఉన్నాయి. ప్లగిన్ సెట్టింగుల్లో మెయిల్ పంపవద్దని ఎంచుకోకపోతే పంపడమే దాని తీరు. అసలు సైట్ మీద ఇదే జరిగి ఉంటే, పని పూర్తికాకముందే 117 మందికి లింకులు వెళ్లి ఉండేవి.

ఆగిపోవడానికి కారణం పాస్‌వర్డ్ హ్యాషింగ్, అంటే పాస్‌వర్డ్‌ను వెనక్కి తిప్పలేని రూపంలోకి మార్చి దాచడం. ప్రతి ఖాతాకూ ఒక యాదృచ్ఛిక పాస్‌వర్డ్ తయారై, అది బీక్రిప్ట్ అనే పద్ధతితో హ్యాష్ అవుతుంది. వర్డ్‌ప్రెస్ 6.8 నుంచి బీక్రిప్ట్ వాడుతోంది. పీహెచ్‌పీ 8.4లో దాని ఖర్చు అంకె 10 నుంచి 12కు పెరిగింది. ఈ అంకె ఒకటి పెరిగితే పని రెట్టింపవుతుంది కాబట్టి రెండు పెరిగితే నాలుగింతలు. పాస్‌వర్డ్‌లు దొంగిలించేవాడిని నెమ్మదింపజేయడానికే ఈ ఆలస్యం పెట్టారు, దాన్ని తగ్గించే ఆలోచన చేయలేదు. మా సర్వర్ మీద కొలతలు ఇవి:

ఒక హ్యాష్‌కు సుమారు 0.2 సెకన్లు
ఒక ఖాతాకు మొత్తం ప్రాసెసర్ సమయం సుమారు 0.25 సెకన్లు
డేటాబేస్ రాతలతో కలిపి గడియారపు సమయం 0.29 సెకన్లు

పీహెచ్‌పీకి వెబ్‌లో మామూలుగా ఉండే కాలపరిమితి 30 సెకన్లు. లినక్స్‌లో ఈ పరిమితి స్క్రిప్ట్ వాడిన ప్రాసెసర్ సమయాన్నే లెక్కిస్తుంది, డేటాబేస్ కోసం వేచి ఉన్న సమయాన్ని లెక్కించదు. 30ని 0.25తో భాగిస్తే 120. 117 దగ్గర ఆగడం ఈ లెక్కకు సరిపోయింది. పరిమితి పెంచినా వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ ఎన్‌జిన్‌ఎక్స్ దగ్గర 60 సెకన్ల మరో పరిమితి ఉంటుంది. ఒకదాని తర్వాత ఒకటి పెంచుకుంటూ పోవడం కన్నా ఈ పనిని బ్రౌజర్ నుంచే తప్పించడం మేలు.

ఆ సగం ఖాతా గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వర్డ్‌ప్రెస్ ముందు యూజర్ టేబుల్‌లో ఒక వరుస రాస్తుంది, తర్వాత ఖాతా అదనపు వివరాలుండే మెటా టేబుల్‌లో ఒక్కొక్కటిగా వరుసలు రాస్తుంది, రోల్‌ను (ఖాతాకు ఏ హక్కులున్నాయో చెప్పేదాన్ని) చివరగా ఇస్తుంది. ఇవన్నీ ఒక ట్రాన్సాక్షన్‌లో ఉండవు, అంటే మధ్యలో ఆగితే అప్పటిదాకా రాసినవి వెనక్కి పోవు. మధ్యలో ఆగిన ఖాతాకు పేరు, ఈమెయిల్ ఉన్నాయి, రోల్ లేదు. ఫైలును మళ్లీ ఎక్కించినప్పుడు ప్లగిన్ ఆ ఈమెయిల్‌ను చూసి ‘ఇప్పటికే ఉంది’ అని దాటేసింది. ఆ సభ్యుడు లాగిన్ అవుతాడు కానీ ఏ పేజీ తెరుచుకోదు, నివేదికలో ఎక్కడా లోపం కనిపించదు. వేల ఖాతాల్లో ఇలాంటిది ఒక్కటి ఉన్నా ఫిర్యాదు వచ్చేదాకా తెలియదు.

మా టెస్ట్ సైట్‌లో పూర్తయిన ప్రతి ఖాతాకూ 13 మెటా వరుసలు వచ్చాయి: పదకొండు సాధారణ సెట్టింగులు, ఒకటి రోల్, ఒకటి యూజర్ స్థాయి. ఈ సంఖ్య ప్లగిన్లను బట్టి మారవచ్చు కాబట్టి ఎవరి సైట్‌లో వారు ఒక ఖాతా సృష్టించి లెక్కించుకోవాలి. అది తెలిస్తే సగం ఖాతాలను డేటాబేస్‌కు వేసే ఒక్క ప్రశ్నతో పట్టుకోవచ్చు.

దశ 5: సొంత స్క్రిప్ట్

డబ్ల్యూపీ-సీఎల్‌ఐలో సీఎస్‌వీ నుంచి యూజర్లను తెచ్చే కమాండ్ ముందే ఉంది. అది ప్రత్యేకంగా అడిగితే తప్ప మెయిళ్లు పంపదు. కానీ ఖాతా ముందే ఉంటే దాన్ని ఫైలులోని వివరాలతో మార్చేస్తుంది, వద్దని కమాండ్‌లో ఒక ఎంపిక చేరిస్తేనే దాటేస్తుంది. మా 143 పాత ఖాతాల్లో ఆరుగురు ఎడిటర్లు ఉన్నారు. ఫైలులో అందరి రోల్ సబ్‌స్క్రైబర్, అంటే అతి తక్కువ హక్కులున్నది. ఆ 143 వరుసలు కూడా ఉన్న ఫైలు మీద ఆ కమాండ్‌ను యథాతథంగా నడిపితే ఆరుగురూ హక్కులు కోల్పోయేవారు. అందుకని వర్డ్‌ప్రెస్ సొంత ఫంక్షన్‌నే పిలిచే చిన్న స్క్రిప్ట్ రాసి, కమాండ్ లైన్ నుంచి నడిపాము. ఒక్కో వరుసకు అది చేసేవి:

1. ఈమెయిల్, యూజర్‌నేమ్ రెండూ సైట్‌లో ఉన్నాయేమో చూస్తుంది. ఏది ఉన్నా ఖాతాను మార్చదు, ‘ఉంది’ అని లాగ్‌లో రాస్తుంది. ఆ ఖాతాకు రోల్ లేకపోతే ‘సగం’ అని విడిగా రాస్తుంది.
2. రోల్‌ను ఫైలు నుంచి తీసుకోదు. స్క్రిప్ట్‌లోనే సబ్‌స్క్రైబర్ అని స్థిరంగా ఉంటుంది. ఎవరో ఒక గడిలో అడ్మినిస్ట్రేటర్ అని రాస్తే సైట్ మొత్తం వారి చేతికి పోయే అవకాశం ఉండకూడదు.
3. ఖాతా సృష్టించేటప్పుడే సభ్యత్వ సంఖ్యను, విడత గుర్తును (ఖాతా ఏ విడతలో తయారైందో చెప్పేదాన్ని) మెటాగా జతచేస్తుంది. వర్డ్‌ప్రెస్ 5.9 నుంచి ఖాతాతో పాటే అదనపు మెటా ఇవ్వవచ్చు.
4. ఫలితాన్ని మూల షీట్, వరుస సంఖ్యతో సహా లాగ్‌లో రాస్తుంది.

పాస్‌వర్డ్ కాలమ్ ఫైలులో ఏ దశలోనూ లేదు. అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇచ్చి తర్వాత మార్చుకోమనడం చాలాచోట్ల చూస్తాము. మార్చుకోని ప్రతి ఖాతా తెరిచి ఉంచిన తలుపే.

లాగ్ ఫైలును మళ్లీ ఎక్సెల్‌లో తెరిచేది సంస్థ ఉద్యోగులే. సమానం, ప్లస్, మైనస్, ఎట్ గుర్తులతో మొదలయ్యే గడిని ఎక్సెల్ ఫార్ములాగా తీసుకుంటుంది. దేశ కోడ్ ముందు ప్లస్ ఉన్న ఫోన్ సంఖ్యకే ఈ గతి పట్టింది. లాగ్ నుంచి ఫోన్ కాలమ్‌ను తీసేసి, ఈ నాలుగు గుర్తులతో మొదలయ్యే మిగతా గడుల ముందు ఒంటి కొటేషన్ గుర్తు పెట్టించాము.

విడతకు 250 వరుసలు పెట్టాము. పెద్ద విడతల్లో వర్డ్‌ప్రెస్ తాత్కాలిక నిల్వ (క్యాష్) వల్ల మెమరీ పెరుగుతూ పోయింది, 250 దగ్గర అది సమస్య కాలేదు. 3,726 వరుసలకు 15 విడతలు, చివరిదానిలో 226. ఒక్కో విడతకు సుమారు 72 సెకన్లు, మొత్తం సుమారు 18 నిమిషాలు.

టెస్ట్ సైట్‌లో స్క్రిప్ట్‌ను ఒక విడత మధ్యలో కావాలనే ఆపి, మళ్లీ నడిపి చూశాము. పూర్తయినవాటిని దాటింది, సగంలో ఉన్నదాన్ని విడిగా చూపింది, మిగతావాటిని సృష్టించింది. తర్వాత విడత గుర్తు ఆధారంగా మొత్తం తొలగించి, యూజర్, మెటా టేబుళ్ల వరుసల సంఖ్య మొదటి స్థితికి వచ్చిందని నిర్ధారించుకున్నాము. వెనక్కి తీసుకునే దారిని నడిచి చూడకుండా అసలు సైట్‌ను ముట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

దశ 6: అసలు సైట్

1. డేటాబేస్ బ్యాకప్ తీసి, దాన్ని వేరే డేటాబేస్‌లోకి ఎక్కించి తెరిచి చూశాము.
2. కొత్త యూజర్ నమోదైనప్పుడు పనిచేసే ప్లగిన్లన్నింటి జాబితా తీసి, మెయిల్ పంపే ఒకదాన్ని తాత్కాలికంగా ఆపాము.
3. మొదటి విడతగా 250 కాకుండా 10 వరుసలే నడిపి, పది ఖాతాలనూ కంటితో చూశాము. ఆ పదీ మొదటి విడతలోవే కాబట్టి విడతల లెక్క మారలేదు.
4. మిగతావి విడతలుగా నడిపాము. ప్రతి విడత తర్వాత మెటా వరుసలు ఖాతాకు 15 చొప్పున, అంటే 13కు మేము చేర్చిన రెండు కలిపి, పెరిగాయా అని లెక్కించాము.

నాలుగు వరుసలు ‘ఉంది’ అని వచ్చాయి. మేము జాబితా శుభ్రం చేసిన తర్వాత, ఇంపోర్ట్‌కు ముందు, ఆ నలుగురూ సైట్‌లో సొంతంగా నమోదు చేసుకున్నారు. నమోదును ఆ వ్యవధిలో మూసి ఉంచడం ఒక మార్గం. స్క్రిప్ట్ దాన్ని సరిగానే పట్టుకుంది కాబట్టి మేము మూయలేదు.

లెక్క: సృష్టించినవి 3,722, ముందే ఉన్నవి 143కు 4 కలిపి 147, పక్కన ఉన్నవి 188. మొత్తం 4,057. మెటా టేబుల్‌లో పెరిగిన వరుసలు 55,830. ఇది 3,722 ఇంటూ 15కు సమానం.

దశ 7: పాస్‌వర్డ్ లింకులు

మెయిళ్లను ఖాతాల సృష్టితో కలపకుండా విడిగా పంపాము. పెద్ద మెయిల్ సంస్థలు పంపేవారి డొమైన్‌కు ధ్రువీకరణ ఉందో లేదో చూస్తాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారికి ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ అనే మూడు ధ్రువీకరణలూ ఉండాలని గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి అమలు చేస్తోంది. మా సంఖ్య దానికి లోపే అయినా మూడూ పెట్టుకున్నాకే మొదలుపెట్టాము.

మొదట 200 మందికి పంపాము. మరునాటి నుంచి లింకు పనిచేయడం లేదని సభ్యులు రాయడం మొదలైంది. వర్డ్‌ప్రెస్‌లో పాస్‌వర్డ్ లింకు ఆయుష్షు మామూలుగా ఒక్క రోజే. తానే అడిగి తెచ్చుకున్న లింకుకు అది చాలు, అనుకోకుండా వచ్చిన మెయిల్‌ను మూడో రోజు తెరిచేవారికి చాలదు. ఒక ఫిల్టర్‌తో (వర్డ్‌ప్రెస్ వాడే విలువను మార్చే చిన్న కోడ్‌తో) దాన్ని ఏడు రోజులకు పెంచాము. గడువును వర్డ్‌ప్రెస్ లింకు తయారుచేసినప్పుడు కాక, నొక్కినప్పుడు లెక్కిస్తుంది. కాబట్టి ఫిల్టర్ పెట్టగానే ముందు పంపిన 200 లింకులకూ ప్రాణం వచ్చింది, మళ్లీ పంపనవసరం లేకపోయింది. అయితే ఈలోపు ‘పాస్‌వర్డ్ మర్చిపోయారా’ నొక్కినవారి పాత లింకు చెల్లదు, ఎందుకంటే కొత్త కీ పాతదాని స్థానంలో కూర్చుంటుంది. మెయిల్ పాఠంలో ఈ సంగతి ఒక వాక్యంగా చేర్చాము. మిగిలిన 3,522 మెయిళ్లు గంటకు 300 చొప్పున 12 దఫాలుగా వెళ్లాయి.

తిరిగొచ్చినవి 71. వాటిలో 13 పెట్టె నిండినవి, 58 అసలు లేని చిరునామాలు. ఆ 58 ఖాతాల రోల్‌ను తీసేశాము. ఇవాళ లేని చిరునామాను రేపు ఇంకొకరు తీసుకోగలిగితే, పాస్‌వర్డ్ మార్చే లింకు వారికే వెళుతుంది. కొత్త చిరునామా వచ్చినప్పుడే రోల్ తిరిగి ఇస్తున్నాము. చివరి దఫా తర్వాత ఏడు రోజులు గడిచాక లింకు గడువును మళ్లీ ఒక రోజుకు తెచ్చాము.

దశ 8: పక్కన పెట్టిన 188 మంది

సంస్థ ఫోన్లు చేసి సేకరించిన చిరునామాలతో రెండో ఫైలు వచ్చింది. అదీ మొదటి దశ నుంచి అదే దారిలో నడిచింది.

ఉమ్మడి ఈమెయిల్: 109లో 91 మందికి కొత్తవి వచ్చాయి, మిగిలినవారు 18
ఈమెయిల్ లేనివారు: 64లో 23, మిగిలినవారు 41
చెల్లని ఈమెయిల్: 15లో 12, మిగిలినవారు 3

చెల్లని చిరునామాల్లో, మేము ఊహతో దిద్దడానికి ఉబలాటపడిన ఒకదానికి సభ్యుడు ఇచ్చిన అసలు చిరునామా పూర్తిగా వేరే సంస్థది.

లెక్క: కొత్త ఖాతాలు 3,722, 126 కలిపి 3,848, ముందే ఉన్నవి 147, మిగిలినవారు 62. మొత్తం 4,057.

ఆపిన ప్లగిన్‌ను తిరిగి నడిపాము. వెబ్ సర్వర్ అప్‌లోడ్ ఫోల్డర్‌లో ప్లగిన్ వదిలేసిన సీఎస్‌వీ నకలు టెస్ట్ సైట్‌లో ఒకటి దొరికింది. చిరునామా తెలిస్తే ఎవరైనా బ్రౌజర్‌లో తెరవగలిగే చోట అది ఉంది. దాన్ని, మధ్యదశల ఫైళ్లను, టెస్ట్ డేటాబేస్‌ను తొలగించాము. స్క్రిప్ట్, సభ్యత్వ సంఖ్యలు మాత్రమే ఉన్న లాగ్, బ్యాకప్ సంస్థ దగ్గర ఉన్నాయి. 62 మంది జాబితా మూల షీట్, వరుస సంఖ్య, కారణంతో సహా కార్యాలయం చేతిలో ఉంది. ఎవరి ఈమెయిల్ వస్తే వారి వరుసను అదే స్క్రిప్ట్‌తో, కొత్త విడత గుర్తుతో నడుపుతున్నారు.